శనివారం రాత్రి ఫోన్ చేయడానికి ఎవరున్నారు?

ఈ వారం ఉత్తరం ఒక వెడ్డింగ్ సెలబ్రెంట్ రాసింది. సెలబ్రెంట్ అంటే మతపరమైన తంతు కాకుండా, జంట కోసం మాటలు రాసి పెళ్లి నడిపించే మనిషి, నేనూ అదే పనిలో ఉన్నాను. ఉత్తరం పెద్దది, కొంచెం కుదించి ఇస్తున్నాను.

"అక్కా, నేను రెండేళ్లుగా వెడ్డింగ్ సెలబ్రెంట్‌గా పనిచేస్తున్నాను. ఇప్పటికి 31 పెళ్లిళ్లు నడిపించాను. పనంటే ప్రాణం. కానీ ఇందులో నాకంటూ ఒక్క మనిషి లేదు. ఇంట్లో ఒక్కదాన్నే కూర్చుని స్క్రిప్ట్ రాసుకుంటాను, ఒక్కదాన్నే వెళ్తాను, ఒక్కదాన్నే తిరిగొస్తాను. సెలబ్రెంట్ల సంఘంలో చేరాను. మొదటి మీటింగ్‌లోనే ఒక సీనియర్ అందరిముందూ 'మీలాంటివాళ్లు ఇంత తక్కువకి ఒప్పుకుంటే మా పొట్ట కొట్టినట్టే' అన్నారు. మళ్లీ వెళ్లలేదు. వాట్సాప్ గ్రూపులో చేరితే పొద్దున లేచిన దగ్గర్నుంచి జంటల మీద ఏడుపే. నేను రాసిన ప్రమాణాల ముందుమాటని ఒకరు ఉన్నదున్నట్టు వాడేశారని ఆ మధ్య తెలిసింది. పోయిన నెల ఒక పెళ్లి చేయించాను, దానికి 3 వారాల ముందే పెళ్లికొడుకు తల్లి చనిపోయారు. ముందు వరసలో ఆవిడ కుర్చీ ఖాళీగా ఉంచి శాలువా కప్పారు. నా గొంతు వణకలేదు, అంతా సవ్యంగా జరిగింది. ఇంటికొచ్చి కారులోనే 40 నిమిషాలు కూర్చుండిపోయాను. మావారు 'ఎలా జరిగింది?' అంటే 'బాగా జరిగింది' అన్నాను. ట్రైనింగ్‌లో నా బ్యాచ్‌మేట్ ఒకామె 4 నెలల క్రితం 'ఎలా ఉన్నావ్?' అని మెసేజ్ పెట్టింది, ఏం చెప్పాలో తెలియక జవాబివ్వలేదు. నా తోటివాళ్లు నాకు ఎక్కడ దొరుకుతారు అక్కా?"

చెల్లీ, అక్కా అన్నావు కాబట్టి నేనూ నువ్వనే రాస్తాను. నీ ఉత్తరంలో ఆ కుర్చీ దగ్గర ఆగిపోయాను. పెళ్లి బాగా జరిగిందని మీవారికి నువ్వు చెప్పింది అబద్ధం కాదు, కానీ చెప్పాల్సింది అది కాదని నీకూ తెలుసు. ఈ పని తెలియనివాళ్లు, ఎంత ప్రేమ ఉన్నవాళ్లయినా, "బాగానే జరిగిందిగా, మరి ఎందుకు బాధ" అంటారు. ఇదే పని చేసే మనిషైతే వేరేగా అడుగుతుంది. కుర్చీ సంగతి నీకు ముందే చెప్పారా, అక్కడికెళ్లాక చూశావా? ఆవిడ పేరు ఎక్కడ తలిచావు, మొదట్లోనా, ప్రమాణాల ముందా? పేరు చెప్పాక ఎంతసేపు ఆగావు? ఆ ప్రశ్నలకు జవాబు చెప్తూ చెప్తూ ఉంటేనే గుండెల్లో బరువు దిగుతుంది. నీకు కావాల్సింది అలా అడిగే మనిషి.

ఒకసారి నాకు జరిగింది చెప్తాను. నేను ఈ పనిలోకి వచ్చిన మూడో ఏడు, పెళ్లి రోజు తెల్లారి లేస్తే గొంతు లేదు. బొంగురు కాదు, అసలు శబ్దమే లేదు. పెళ్లి మధ్యాహ్నం మూడింటికి. ఫోన్‌లో ఉన్న సెలబ్రెంట్ల నంబర్లకు మెసేజ్‌లు పెట్టుకుంటూ పోయాను. శనివారం కదా, అందరికీ సొంత పెళ్లిళ్లున్నాయి. చివరికి ఒక ట్రైనింగ్ రోజు టీ తాగుతూ పది నిమిషాలు మాట్లాడుకున్న ఒకామె "స్క్రిప్ట్ పంపించు, బయల్దేరుతున్నా" అంది. స్క్రిప్ట్ పెద్ద అక్షరాల్లో ప్రింట్ తీసుకుని వచ్చింది. నేను వెనక నిలబడి చూస్తున్నాను. నా కాగితం అంచున పెన్సిల్‌తో నాకోసం రాసుకున్న ఒక మాట, స్కాన్‌లో ఆమెకూ వెళ్లింది: "ఇక్కడ ఆగు, అమ్మాయి తండ్రి వైపు చూస్తుంది." ఆమె సరిగ్గా అక్కడ ఆగింది. అమ్మాయి తండ్రి వైపు చూసింది. ఆమె తన సొంత మాట ఒక్కటి కూడా కలపలేదు, ఆ జంటకు తన కార్డు ఇవ్వలేదు. అయిపోయాక నా దగ్గరికొచ్చి "మీ పెళ్లి మీకు అప్పజెప్పాను" అంది.

తోటివాళ్లు అంటే నాకు ఆ రోజు నుంచీ అదే కొలత. గ్రూపులో 600 మంది ఉండటం కాదు, నీ గొంతు పోయిన రోజు నీ స్క్రిప్ట్ పట్టుకుని నిలబడే ఒక్క మనిషి ఉండటం. నువ్వు "సంఘం ఎక్కడ దొరుకుతుంది" అని వెతుకుతున్నావు, అందుకే దొరకడం లేదేమో అనిపిస్తోంది. ముందు ఒక్క మనిషిని వెతుకు. ఆ తర్వాత ఇద్దరు, ముగ్గురు. అక్కడితో చాలావరకు సరిపోతుంది కూడా.

ఈ ఒంటరితనం నీ ఒక్కదాని లోపం కాదని కూడా తెలుసుకో. మతపరంగా పెళ్లి చేయించేవాళ్లకు వెనక ఒక వ్యవస్థ ఉంటుంది, పెద్దలు ఉంటారు, తరతరాల మంత్రాలో ప్రార్థనలో సిద్ధంగా ఉంటాయి. మన పని కొత్తది. ఆస్ట్రేలియాలో 1973లో అప్పటి అటార్నీ జనరల్ లయోనెల్ మర్ఫీ, చర్చి వద్దనుకున్న జంటలకు రిజిస్ట్రీ ఆఫీసులో గబగబా ముగిసే తంతు ఒక్కటే దిక్కు కాకూడదని, మామూలు పౌరులకు పెళ్లి చేయించే అధికారం ఇవ్వడం మొదలుపెట్టారు. ఆ జూలైలో మొదట నియమించింది లోయిస్ డార్సీ అనే ఆమెను. ఆ పథకంలో ఆమెకంటే ముందు నడిచినవాళ్లు ఎవరూ లేరు. అంటే ఈ వృత్తి మొదలే ఒక్క మనిషితో మొదలైంది, మిగతావాళ్లు ఒకరి తర్వాత ఒకరు వచ్చి పక్కన నిలబడ్డారు. ఇంకా చాలా దేశాల్లో దీనికి యాభై ఏళ్ల చరిత్ర కూడా లేదు. స్కాట్లాండ్‌లో హ్యూమనిస్ట్ సెలబ్రెంట్లు, అంటే దేవుడి ప్రస్తావన లేకుండా మానవ విలువల మీద తంతు నడిపేవాళ్లు, చేయించే పెళ్లికి చట్టబద్ధత వచ్చింది 2005లోనే. కాబట్టి మనకు తయారుగా ఉన్న బంధుత్వాలు ఉండవు, మనమే కలుపుకోవాలి.

అలాగని సంఘాన్ని వదిలేయమని నేను చెప్పను. ఒక మనిషి మాటకు నొచ్చుకుని మొత్తం సంఘానికి దూరమైపోయావు, అక్కడ మాత్రం నీతో ఏకీభవించను. స్నేహాలు దొరికినా దొరక్కపోయినా మెంబర్‌షిప్ ఉంచుకో, ఎందుకంటే సంఘం వల్ల పెద్ద ఉపయోగం వేరే ఉంది. చట్టం మారితే మనకు చెప్పేది వాళ్లే. ఉదాహరణకు ఆస్ట్రేలియాలో 2024 జూన్ నుంచి పెళ్లికి ముందు సెలబ్రెంట్ ఇద్దరినీ విడివిడిగా, నేరుగా కలిసి, ఇష్టపూర్వకంగానే చేసుకుంటున్నారా అని చూడాలన్నది తప్పనిసరి అయింది. ఇంట్లో ఒంటరిగా స్క్రిప్ట్ రాసుకుంటూ కూర్చునే మనిషికి ఇలాంటి మార్పు తెలియకుండా పోయే ప్రమాదం ఎంతుందో ఆలోచించు. ఇన్సూరెన్స్, ఫారాల నమూనాలు, ఏటా చేయాల్సిన శిక్షణ, ఇవన్నీ అక్కడే సులువుగా దొరుకుతాయి.

ఇక్కడే ఒక జాగ్రత్త. సెలబ్రెంట్ అన్న పేరు ఒకటే గానీ అధికారం దేశదేశానికీ వేరు. ఆస్ట్రేలియాలో రిజిస్టర్డ్ సెలబ్రెంట్ చేయించిన పెళ్లి చట్టబద్ధమైన పెళ్లే. అక్కడ పెళ్లి చేసుకోబోతున్నామని జంట సెలబ్రెంట్‌కి రాసిచ్చే నోటీసు కనీసం నెల రోజుల ముందు, 18 నెలలకు మించకుండా ఇవ్వాలి, 18 ఏళ్లు దాటిన ఇద్దరు సాక్షులు ఉండాలి, పెళ్లయ్యాక 14 రోజుల్లోపు కాగితాలు పంపాలి. ఇంగ్లండ్, వేల్స్‌లో స్వతంత్ర సెలబ్రెంట్ ఎంత అందంగా తంతు నడిపినా దానికి చట్టం దృష్టిలో విలువ లేదు, జంట విడిగా రిజిస్ట్రార్ దగ్గర పెళ్లి చేసుకోవాల్సిందే. అమెరికాలో అయితే రాష్ట్రానికో రూలు. ఇన్ని దేశాలవాళ్లున్న గ్రూపులో ఎవరో "అదేం అవసరం లేదు, నేనెప్పుడూ చేయలేదు" అని రాస్తే, వాళ్లు చెప్పింది వాళ్ల ఊళ్లో నిజమే కావచ్చు, నీ దగ్గర అది ఒక జంట పెళ్లిని ప్రమాదంలో పెట్టవచ్చు. అందుకే దూరపు స్నేహితులతో స్క్రిప్టుల గురించి, గొంతు గురించి, మనసు గురించి ఎంతైనా మాట్లాడు. కాగితాల గురించి మాత్రం నీ చట్టం కింద పనిచేసేవాళ్లనే అడుగు, వాళ్లు చెప్పాక కూడా అసలు నిబంధన తీసి చదువుకో.

నాకు మంచి గుంపుకీ చెడ్డ గుంపుకీ తేడా తెలిసేది కూడా ఇలాంటి ప్రశ్నల దగ్గరే. కొత్తగా వచ్చినమ్మాయి భయపడుతూ "సాక్షి ఒకరు రాలేదు, ఏం చేయాలి" అని అడిగిందనుకో. ఒక చోట "ఇది కూడా తెలియకుండా పెళ్లిళ్లు చేయిస్తున్నారా" అంటారు. ఇంకోచోట "వచ్చినవాళ్లలో 18 ఏళ్లు దాటినవాళ్లు ఎవరైనా చాలు, గాభరా పడకు, నిబంధన ఇదిగో" అంటారు. రెండోచోటే ఉండు. జంటల మీద ఏడ్చే ఆ వాట్సాప్ గ్రూపు నుంచి బయటికొచ్చెయ్, మొహమాటం అక్కర్లేదు. అలసట చెప్పుకోవడం వేరు, మనల్ని నమ్మి తమ ప్రేమకథ చెప్పుకున్న మనుషుల్ని వెనక వెక్కిరించడం వేరు. ఆ మాటలు రోజూ చదువుతుంటే కొన్నాళ్లకు మనం కూడా జంటలో మనుషుల్ని కాక సమస్యల్ని చూడటం మొదలుపెడతాం. నాకు అలా ఒక ఏడాది పోయింది, ఆ ఏడాది రాసిన స్క్రిప్టులు ఇప్పుడు చదివితే అన్నీ ఒకేలా ఉంటాయి.

ఫీజు సంగతి. ఆ సీనియర్ అందరిముందూ అలా అనడం తప్పు, అందులో రెండో మాట లేదు. కానీ ఆయనో ఆవిడో అన్న మాటలో నిజమేమైనా ఉందా అని నీ అంతట నువ్వు ఒకసారి చూసుకో. ఒక పెళ్లికి నువ్వు పెట్టే గంటలన్నీ రాయి. మొదటి పరిచయం, కాగితాలు, జంటతో మాటలు, స్క్రిప్ట్, రెండుసార్లు తిరగరాయడం, రిహార్సల్, ప్రయాణం, ఆ రోజు ముందే వెళ్లి మైక్ చూసుకోవడం. నేను మొదటిసారి లెక్క వేసుకున్నప్పుడు 21 గంటలు తేలింది, అరగంట పని అనుకుని ధర చెప్పేదాన్ని. ఇలా గంటలూ ఖర్చులూ తోటివాళ్లతో మాట్లాడుకో. అందరం ఇంత ధరకే చేద్దాం అని కలిసి నిర్ణయించుకోవడం మాత్రం వద్దు, పోటీ చట్టాలు ఉన్న చాలా దేశాల్లో అది నేరం దాకా వెళ్తుంది.

నీ ముందుమాటని కాపీ కొట్టిన విషయానికి వస్తే, నీకు కోపం రావడం న్యాయమే. నేనైతే గ్రూపులో పెట్టను, వాళ్లకే ఫోన్ చేస్తాను. "మీ పెళ్లి వీడియోలో నా వాక్యాలు విన్నాను, అవి ఫలానా జంట కోసం రాసినవి, ఇకపై వాడకండి" అని చెప్పు. చాలామంది ఎక్కడో దొరికిందని వాడేస్తారు, రాసిన మనిషి ఫోన్ చేస్తే సిగ్గుపడి మానేస్తారు. మానకపోతే అప్పుడు సంఘానికి రాయొచ్చు. కానీ ఈ ఒక్క అనుభవంతో అన్నీ దాచుకోవడం మొదలుపెట్టకు. స్క్రిప్ట్ ఎముకల గూడు, అంటే ఏది ముందు, ఏది వెనక, వర్షం వస్తే ఏం చెప్పాలి, ఉంగరం కిందపడితే ఏం చేయాలి, ఇవన్నీ ధారాళంగా పంచుకో. జంట కథ మాత్రం జంటదే, అది నీ నోట కూడా ఇంకో చోట రాకూడదు. బరువు దించుకోవడానికి తోటి సెలబ్రెంట్‌తో మాట్లాడేటప్పుడు కూడా పేర్లు, గుర్తుపట్టే వివరాలు వద్దు. కుర్చీ, శాలువా చాలు.

ఇక మనుషుల్ని ఎక్కడ వెతకాలి. పెళ్లిళ్ల సెలబ్రెంట్లలోనే వెతకాలని లేదు. నాకు అందరికంటే ఎక్కువ నేర్పింది అంత్యక్రియల తంతు నడిపించే ఒక పెద్దాయన. దుఃఖం ఉన్న గదిలో ఎలా నిలబడాలో, పని అయ్యాక దాన్ని అక్కడే ఎలా వదిలి రావాలో వాళ్లకు బాగా తెలుసు. ఆయన ఇంటికి వెళ్లే ముందు కారు పక్కకి ఆపి, చేతులు కడుక్కుని, ఆ మనిషి పేరు ఒకసారి పైకి పలికి, అప్పుడు బయల్దేరతారు. నేనూ అది నేర్చుకున్నాను, నీ కుర్చీ లాంటి రోజుల్లో నాకు పనికొచ్చింది. ఫొటోగ్రాఫర్లు, సౌండ్ చూసేవాళ్లు, వాయిద్యాలవాళ్లు కూడా మన సహోద్యోగులే. వాళ్లు ఏటా ఎంతోమంది సెలబ్రెంట్లని చూస్తారు కాబట్టి, "మీరు చూసినవాళ్లలో బాగా చేసేదెవరు, మంచిగా ఉండేదెవరు" అని అడిగితే నిజం చెప్తారు. ముద్దు సమయానికి ఫ్రేములోంచి పక్కకి తప్పుకునే సెలబ్రెంట్ ఎవరో ప్రతి ఫొటోగ్రాఫర్‌కీ గుర్తుంటుంది. అలాంటి మనిషి సాధారణంగా ఇతరులకు చోటిచ్చే మనిషే అయి ఉంటుంది, నా అనుభవంలో ఇది ఎప్పుడూ తప్పలేదు. మాట్లాడే తీరు మీద నిజాయితీ అయిన అభిప్రాయం కావాలంటే టోస్ట్‌మాస్టర్స్ లాంటి క్లబ్బులున్నాయి. 1924 నుంచి నడుస్తున్న పద్ధతి అది, ప్రతి ప్రసంగాన్నీ ఒకరు శ్రద్ధగా విని ఏది బాగుంది, ఏది మార్చాలి అని చెప్తారు. పొగడ్త కాక పని చెప్పేవాళ్లు మనకు తక్కువ.

ఇలా ఎవరో ఒకరు కనిపించాక "నాకు మెంటార్‌గా ఉంటారా" అని అడగకు, అది ఎదుటివాళ్ల నెత్తిన పెద్ద బరువు పెట్టినట్టు ఉంటుంది. చిన్నది, ఖచ్చితమైనది అడుగు. ఇలా రాయొచ్చు: "నమస్తే అండి, పోయిన నెల మీరు నడిపించిన పెళ్లికి నేను అతిథిగా వచ్చాను. చిన్నపిల్లాడు ఏడుస్తుంటే మీరు ఆపకుండా గొంతు తగ్గించి కొనసాగించారు. అది ఎలా అలవాటు చేసుకున్నారో పది నిమిషాలు మాట్లాడొచ్చా? నేను రెండేళ్లుగా ఇదే పనిలో ఉన్నాను." దీనికి జవాబివ్వని మనిషి అరుదు. ఒకవేళ ఇవ్వలేదంటే వాళ్లకు తీరిక లేదని అర్థం, నిన్ను కాదన్నారని కాదు.

రెండు మూడుసార్లు మాట్లాడుకున్నాక బ్యాకప్ ఒప్పందం మాట పెట్టు. నా దృష్టిలో స్నేహం మొదలయ్యేది అక్కడే, ఎందుకంటే అప్పుడు ఇద్దరికీ ఒకరి పని మీద ఒకరికి బాధ్యత వస్తుంది. ఒకరికి ఒంట్లో బాగాలేకపోతే ఇంకొకరు వెళ్లాలి, గురువారం రాత్రికల్లా స్క్రిప్ట్ ఇద్దరి దగ్గరా ఉండాలి, అలా పంచుకుంటామని జంటకు మొదటి మీటింగ్‌లోనే చెప్పి ఒప్పుకోవాలి. నోటీసు నీ పేరు మీద ఉంటే అది ఇంకొకరికి ఎలా బదిలీ అవుతుందో ముందే తెలుసుకుని పెట్టుకోవాలి, పెళ్లి రోజు పొద్దున కాదు. ఫీజు ఎవరికి వెళ్లాలో కూడా ముందే అనుకోండి. నేనూ నా బ్యాకప్ మనిషీ, ఆ రోజు తంతు నడిపినవాళ్లకే మొత్తం అనుకున్నాం, ఇన్నేళ్లలో దాని గురించి ఒక్క మాట రాలేదు.

అలా ఇద్దరం కలిసి నలుగురమయ్యాం. నెలకోసారి గంటసేపు మాట్లాడుకుంటాం. ఉన్న నియమం ఒక్కటే, ప్రతి ఒక్కరూ ఆ నెల చెడిపోయినది ఒకటి తీసుకురావాలి. ఒకామె ఏకంగా పెళ్లికూతురు ఇంటిపేరు తప్పు పలికిన రోజు గురించి చెప్పింది. మేం ఎవరం "పర్లేదులే" అనలేదు, పేర్లు స్క్రిప్టులో ఎలా రాసుకుంటే తప్పు రాదో అరగంట మాట్లాడుకున్నాం. ఇప్పుడు నలుగురం పేర్లని పలికే తీరులోనే, వేరే రంగులో రాసుకుంటాం. శనివారం రాత్రి మాత్రం "ఇల్లు చేరావా?" అని ఒక్క మెసేజ్. చేరాం అంటే చాలు. కారులోనే ఉన్నాను అంటే ఎవరో ఒకరు వెంటనే ఫోన్ చేస్తారు.

నీ ఉత్తరం చివర్లో ఒక్క వాక్యంలో దాటేసిన ఆ బ్యాచ్‌మేట్ దగ్గరికే వస్తున్నాను. నాలుగు నెలల క్రితం నిన్ను "ఎలా ఉన్నావ్" అని అడిగింది. ఈ పనిలో ఉన్న మనిషి ఊరికే అలా అడగదు, తనకూ ఏదో కారు లోపల కూర్చున్న రాత్రి ఉండి ఉంటుంది. ఆలస్యమైంది, ఇప్పుడేం చెప్పాలి అని మొహమాటపడకు. "సారీ, అప్పుడు జవాబివ్వలేకపోయాను, పోయిన నెల ఒక పెళ్లిలో ఖాళీ కుర్చీ ఉంది, దాని గురించి నీతో మాట్లాడాలని ఉంది" అని రాసి పంపు. మెసేజ్ కంటే ఫోనే మేలు. శనివారం వద్దు, ఆ రోజు తనకూ పెళ్లి ఉండొచ్చు. ఆదివారం పొద్దున కొంచెం ఆలస్యంగా చెయ్యి. ఏం మాట్లాడుకున్నారో నాకు మళ్లీ రాయి, ఎదురుచూస్తుంటాను.